అవ్వ విడిచిన ఉప్పు

శ్రమకాలం మొదలైందంటే మా సంఘంలో ఒక్కొక్కరు ఒక్కొక్కటి విడిచిపెడతారు. ఈస్టరు దాకా కొందరు మాంసం ముట్టరు, కొందరు చాయ మానేస్తారు. తంబాకు నమిలే పెద్దమనుషులు ఆ నలభై దినాలు సోంపు నములుతూ చిరాకుగా తిరుగుతారు. మా అవ్వ, అంటే మా అమ్మ, ఉప్పు విడిచిపెడుతుంది. అన్నంలో నీళ్ళు పోసుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుని తింటుంది. మామిడి తొక్కు ఉన్న జాడీ వైపు కూడా చూడదు.

ఇది ఆమె ఊరికే మొదలుపెట్టింది కాదు. మా నాన్నను బాపు అంటాం. ఆయన మందమర్రిలో బొగ్గుబాయి పని చేసే రోజుల్లో ఒకసారి లోపల కప్పు కూలి ఆయన కాలు ఇరుక్కుపోయింది. పైకి తెచ్చేదాకా అవ్వ బాయి గేటు ముందు నేల మీద కూర్చుంది. మనిషి ప్రాణంతో బయటికి వస్తే, తాను బతికున్నన్నాళ్ళు శ్రమకాలంలో ఉప్పు ముట్టనని అక్కడే దేవునికి మాట ఇచ్చింది. బాపు వచ్చాడు. కుంటుకుంటూ ఇంకా చాలా ఏళ్ళు బతికి, ముసలితనంలో నిద్రలోనే పోయాడు. ఆయన పోయాక, ఇక చాలు గదా అని నేనొకసారి అన్నాను.

"మాటిచ్చింది మీ బాపుకు కాదు," అంది అవ్వ.

"అన్ని ఉండంగ ఉప్పే ఎందుకే?"

"ఏమో. ఆయన అంగీ ఉతికేటప్పుడు వీపు మీద తెల్లగ ఉప్పు అట్టగట్టి ఉండేది. ఆ గేటు కాడ గదే యాదికొచ్చింది."

నేను ఆసిఫాబాద్ దగ్గర ఒక బడిలో సైన్సు టీచర్ని. మిషన్ హాస్టల్లో పెరిగాను. ప్రార్థనతో లేచి ప్రార్థనతో పడుకునే అలవాటు నాకు అక్కడే అయింది. బడిలో చెప్పేదానికీ గుడిలో వినేదానికీ నాలో ఎన్నడూ తగువు రాలేదు. ఉప్పును చేసినవాడే నీళ్ళనూ చేశాడు. ఆ రెండూ కలిస్తే ఏం జరగాలో నియమించినవాడూ ఆయనే.

ఉప్పు కరిగే పాఠానికి పిల్లల్ని లేపి నిలబెడతాను. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, మళ్ళీ అబ్బాయి, మళ్ళీ అమ్మాయి, అట్లా వరుసలుగా. అబ్బాయిలు సోడియం, అమ్మాయిలు క్లోరైడ్. ఒకరిది ధనావేశం, ఒకరిది రుణావేశం, అందుకే అంటుకుని ఉన్నారు అంటే వెనక బెంచీలు నవ్వుతాయి. మిగతా పిల్లలంతా నీళ్ళు. నీటి అణువుకు ఒక తల, చాపిన రెండు చేతులు అనుకోమంటాను. తల ఆక్సిజన్, అటు కొంచెం రుణం. చేతులు హైడ్రోజన్లు, అటు కొంచెం ధనం. నీళ్ళు వచ్చి సోడియం చుట్టూ తలలు లోపలికి పెట్టి మూగుతాయి. క్లోరైడ్ చుట్టూ చేతులు లోపలికి పెట్టి మూగుతాయి. ఒక్క అణువుతో అయ్యే పని కాదది. నలుగురైదుగురు పట్టుకుని గడ్డ అంచు నుంచి ఒక్కొక్కరిని ఊడదీసుకుపోతారు. చివరికి గడ్డ ఉండదు.

"ఉప్పు ఏడికి పోయింది మేడం?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

"ఏడికి పోలే. ఎవరికి వారై నీళ్ళ నడుమ ఉన్నరు."

ఎన్నో ఏళ్ళుగా ఇదే పాఠం, ఇదే నవ్వు.

ఈసారి శ్రమకాలం ఎండల్ని వెంటబెట్టుకుని వచ్చింది. దానికి ముందే అవ్వకు బీపీ ఉందని ఒక కొత్త గోలీ ఇచ్చారు. మూత్రం ఎక్కువ పోయే రకం. దానితో ఒంట్లో ఉప్పు కూడా పోతుంది. వేడికి అవ్వ చెంబుల కొద్దీ నీళ్ళు తాగింది. సప్పటి గంజి, నీళ్ళు, గోలీ. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో మాలో ఎవరికీ తట్టలేదు.

అవ్వ మందమర్రిలో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. వాడిదీ బాయి పనే. ఒకరోజు ఇంటర్వెల్‌లో వాడు ఫోన్ చేశాడు.

"అక్కా, అవ్వకు దర్శనాలైతున్నయే."

శుక్రవారం స్త్రీల కూటంలో, ఎప్పుడూ వెనక గోడకు ఆనుకుని కూర్చునే అవ్వ పాట నడుమ లేచి నిలబడిందట. వాకిట్లో బాపు తడి బట్టలతో ఉన్నాడనీ, ఆయన వెనక చాలామంది దీపాలు పట్టుకుని నిలబడ్డారనీ చెప్పిందట. ఆడవాళ్ళు మోకాళ్ళ మీద పడ్డారు. మరునాటి నుంచి ఇంటికి జనం. ఒకామె కోడలి కాన్పు గురించి, ఒకామె కొడుకు నౌకరి గురించి. అవ్వ తల మీద చేయి పెట్టి ఏదో ఒకటి అనేది. ఆ మాటకు ఎవరికి కావలసిన అర్థం వాళ్ళు తీసుకుని పోయేవారు.

"నువ్వేమంటవక్కా?" అన్నాడు తమ్ముడు.

"స్తోత్రమంట. ఇంకేమంట?"

ఆ సాయంత్రం నిజంగానే మోకరించి స్తోత్రం చెల్లించాను. దేవుడు తన ఆత్మను కుమ్మరించే దినాల్లో ముసలివాళ్ళు కలలు కంటారని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. నమ్మడం నాకు ఎప్పుడూ కష్టమైన పని కాదు.

శనివారం బస్సెక్కి వెళ్ళాను. అవ్వ పొయ్యి ముందు కూర్చుని ఖాళీ గిన్నెలో గరిటె తిప్పుతోంది. నన్ను చూసి, "ఒక్కదానివే వచ్చినవా చెల్లె? పత్తి ఏరుడైపోయిందా?" అంది. అవ్వ చెల్లెలు పోయి చాలా కాలమైంది. ఆమె నన్ను నన్నుగా చూడటం లేదు.

పక్కన స్త్రీల కూటం పెద్దమ్మ కూర్చుని ఉంది. "పరేషాన్ గాకు బిడ్డా. లోపల ఆత్మ నిండిపోయింది, ముసలి ఒళ్ళు తట్టుకుంటలేదు, గంతే," అంది.

ఆ మధ్యాహ్నమే అవ్వకు ఫిట్స్ వచ్చాయి. అంబులెన్సులో కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోయాం. దారి పొడుగునా తమ్ముడు ఆమె కాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు, నేను తల పట్టుకున్నాను. ఏ ప్రార్థనా నోటికి రాలేదు.

రక్తపరీక్ష చూసిన డాక్టరమ్మ చిన్న వయసుది. ఆమె కళ్ళు కూడా నిద్ర లేనట్టే ఉన్నాయి. "రక్తంలో సోడియం చాల పడిపోయింది. ఉప్పు తింటలేదా?" అంది.

మొక్కుబడి సంగతి చెప్పాను.

"ఉప్పు పలచబడితే నీళ్ళు అక్కడ ఆగయమ్మా. కణాల లోపలికి పోతయ్. చెయ్యి వాస్తే తోలు సాగుతది. మెదడు వాస్తే యాడికి సాగాలె? చుట్టూ పుర్రె బొక్కనాయె."

"అయితే జల్ది ఎక్కియ్యున్రి మేడం ఉప్పు," అన్నాడు తమ్ముడు.

"జల్ది ఎక్కిస్తే నీళ్ళు జల్దే బయటికొస్తయ్. అప్పుడు మెదడు దెబ్బతింటది, దాన్ని మనం బాగు చెయ్యలేం. మెల్లగనే పోవాలె. ఆ గోలీ బంద్. తాగే నీళ్ళు కూడ చాల తక్కువ ఇయ్యాలె. ఎంత అడిగినా సరే."

తమ్ముడు తలుపు పట్టుకుని అడిగాడు. "మరి దర్శనాలు?"

"వాపు తగ్గితే అవ్వి కూడ తగ్గుతయ్," అందామె.

వాడి ముఖం వైపు నేను చూడలేదు. నా ముఖం వైపు వాడూ చూడలేదు.

బడిలో నేను ఉప్పునూ నీళ్ళనూ గాజు గ్లాసులో చూపిస్తాను. గ్లాసుకు గోడలుంటాయి కాబట్టి నీళ్ళు ఉన్నచోటే ఉంటాయి. మనిషిలో గోడలు అట్లాంటివి కావు. ద్రావణం ఎటు చిక్కగా ఉంటే నీళ్ళు అటు దారి వెతుక్కుంటాయి. ఇదీ పాఠంలో ఉన్నదే. తొమ్మిదో తరగతిలో ఎండుద్రాక్షను నానబెట్టి ఉబ్బడం చూపిస్తాను. పాఠం అయిపోయాక పిల్లలు ఆ ద్రాక్షను తినేస్తారు.

తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో సరిగ్గా చెప్పలేను. సీసాలోంచి చుక్కలు పడేవి. పొద్దునా సాయంత్రం రక్తం తీసేవారు. తమ్ముడు డ్యూటీకి పోయి, దిగి, బస్సెక్కి వచ్చేవాడు. వాడు వస్తే నేను వరండాలో చాప మీద పడేదాన్ని, నేను లేస్తే వాడు పడేవాడు. నీళ్ళు ఇవ్వకపోవడం ఎక్కువగా నా వంతుకే వచ్చింది. చిన్న స్టీలు గ్లాసుతో గంటల లెక్కన ఇంత అని చెప్పారు.

"దూపైతుంది బిడ్డా," అనేది అవ్వ.

"ఇప్పుడే తాగినవు కదనే."

"గది ఏం తాగుడు? పిట్ట తాగినట్టు."

నేను గుడ్డ తడిపి పెదవులు అద్దేదాన్ని. ఆమె ఆ గుడ్డను పళ్ళతో పట్టుకుని చీకేది. నేను లాగేదాన్ని. ఒకసారి ఇద్దరం ఆ గుడ్డ కోసం చిన్నపిల్లల్లా పెనుగులాడాం. పక్క మంచం దగ్గరున్న, భైంసా నుంచి వచ్చిన ఆవిడ చూసి మెల్లగా అంది. "ఎంత గట్టి మనసమ్మా నీది. గుక్కెడు నీళ్ళే గదా."

మంచి శుక్రవారం నాడు మా గుడిలో సిలువ మీది ఏడు మాటలను ఏడుగురు ధ్యానిస్తారు. నాకు ప్రతి ఏడూ ఐదో మాట ఇస్తారు, దాహం మాట. ఇన్నేళ్ళూ దాహమన్నవాడి గురించి మాట్లాడాను. ఎదురుగా నిలబడి నీళ్ళు ఇవ్వని వాళ్ళ గురించి మాట్లాడటం చాలా సులువుగా ఉండేది. ఆ వార్డులో కూర్చుని మా పాస్టరు అయ్యగారికి ఫోన్ చేశాను, ఈసారి ఆ మాట ఇంకెవరికైనా ఇవ్వమని. ఎందుకని ఆయన అడగలేదు.

వాపు తగ్గుతూ వచ్చింది. ఒక పొద్దున అవ్వ నన్ను నా పేరుతో పిలిచి, "బడికి పోలేవా?" అని అడిగింది. తమ్ముడు మంచం పక్కకు వంగి, "అవ్వా, బాపు కనబడ్డడు గదా, ఏమన్నడు?" అన్నాడు.

"ఎప్పుడురా?"

"కూటంల. దీపాలు పట్టుకొని..."

"నీకేమన్న జరమొచ్చిందారా?" అంది అవ్వ. వాడు లేచి చాయకు పోయాడు. నాకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. రెండింటికీ ఓపిక లేదు.

డాక్టరమ్మ చూసి, సెలైను తీసేయవచ్చు అంది. "ఇక నోటితోనే తినాలె. ఉప్పేసిన తిండి. అన్నం, పప్పు, అన్ని. సప్పటి కూడు తింటే మళ్ళ పడిపోతది. ఈసారి పడితే తెలివి ఇట్ల తిరిగొస్తదని నేను చెప్పలేను."

ఈస్టరు ఇంకా చాలా దూరం ఉంది.

అవ్వ సీసా వైపు చూసింది. "అండ్ల ఏమున్నదిరా?" అని తమ్ముడిని అడిగింది.

"గులుకోజే అవ్వా."

ఆమె నా వైపు తిరిగింది. తమ్ముడు వెనక నుంచి తల అడ్డంగా ఊపుతున్నాడు. అవ్వ నన్ను ఎప్పుడూ అబద్ధం ఆడే పిల్లగా పెంచలేదు. "ఉప్పు నీళ్ళే," అన్నాను.

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ పూట తెచ్చిన పప్పన్నం ముట్టలేదు. తర్వాతి పూటా అంతే. నేను ఉప్పు వేయలేదని చెప్పి తినిపిస్తే అయిపోయేదని తమ్ముడు నన్ను తిట్టాడు. "నీ సత్యంతోని అవ్వ సచ్చిపోతది," అన్నాడు.

అయ్యగారు మందమర్రి నుంచి వచ్చారు. వయసులో నాకంటే చిన్నవాడు, ఓపిక గల మనిషి. మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసి, మొక్కుబడుల గురించి మోషే ధర్మంలో ఏముందో ఎత్తుకున్నారు. "పెండ్లైన స్త్రీ మొక్కుకుంటే, భర్త విన్ననాడు వద్దని అన్నడనుకో, ఆ మొక్కుబడి ఉండదు. దేవుడే క్షమిస్తడు. అంత దయ ఉన్నదవ్వా అండ్ల."

"ఆయన విన్నడు," అంది అవ్వ గోడ వైపే చూస్తూ.

"ఎవరు?"

"వీళ్ళ బాపు. కాలికి పట్టీ కట్టిచ్చుకొని పండుకున్నప్పుడు నేనే చెప్పిన. విన్నడు, ఊకున్నడు." అప్పుడు అయ్యగారి వైపు తిరిగింది. "భర్త విని ఊకుంటే మొక్కుబడి నిలిచినట్టే గదా అయ్యగారూ? మొన్న ఏడాది మీరే చెప్పిన్రు వాక్యంల."

అయ్యగారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. ఖాళీ గిన్నె కలిపిన మనిషి, నన్ను చెల్లెలనుకున్న మనిషి, ఇప్పుడు ధర్మశాస్త్రంతో పాస్టరు నోరు మూయించింది. బయట వరండాలో ఆయన అన్నారు. "తెలివైతే మొత్తం తిరిగొచ్చింది తల్లీ, దానికి స్తోత్రం. ఇంక నా వశం కాదు."

మధ్యాహ్నం వార్డంతా కునుకుతోంది. నేను స్టూలు మీద కూర్చుని అవ్వ పాదం పట్టుకున్నాను. మాట్లాడటానికి నా దగ్గర వాక్యం లేదు, ఆమెకు నాకంటే ఎక్కువ వచ్చు. అందుకని బడి పాఠం చెప్పాను.

"అవ్వా, ఆ సీసాల ఉప్పు కనబడిందా నీకు?"

"నీళ్ళ లెక్కనే ఉన్నది."

"ఒక్కొక్క ఉప్పు తునకను చుట్టూ నీళ్ళు పట్టుకొని ఉంటయ్. ఇడిసిపెడితే పోయి మళ్ళ గడ్డ కడతది గదా, అందుకని."

"గట్లనే పట్టుకొని ఉంటయా ఎప్పటికి?"

"లేదు. పట్టుకున్నది ఒకటి ఇడుస్తది, ఇంకోటొచ్చి దాని జాగల పట్టుకుంటది. కన్ను కొట్టేలోపల ఎన్ని మారుతయో. కానీ ఉప్పు చుట్టూ జాగ ఖాళీగ ఉండది."

"అలిసిపోతయా?"

పిల్లలెవరూ ఈ ప్రశ్న వేయలేదు. "నీళ్ళకు అలుపుండదే," అన్నాను.

"మంచిగుంది వాటికి," అంది అవ్వ. నా ముఖం వైపు చాలాసేపు చూసింది. "నీ కండ్లు గుంతలు పడ్డయ్."

తర్వాత ఆమె కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. తమ్ముడు డ్యూటీ దిగి వచ్చేసరికి కళ్ళు తెరిచి ఇద్దరినీ దగ్గరికి రమ్మంది.

"మొక్కుబడి నేను ఇడవ. అది ఖాళీగ ఉండొద్దు. నా జాగల ఎవరన్న పట్టుకుంటే నేను తింట."

తమ్ముడు వెంటనే, "నేను పట్టుకుంటనే," అన్నాడు.

"నువ్వు బాయిల దిగేటోనివి. పొద్దుమూకులు చెమటల నానుతవు. ఉప్పు లేకుంటే నువ్వు కూడ నా పక్క మంచంలకే వస్తవు. నీకొద్దు." నా వైపు చూసింది. "ఇదున్నది గదా. నీడకు కూసోని పాఠాలు చెప్పుకునేది. నీకు బీపీ గోలీ ఉన్నదా?"

"లేదు."

"అయితే నువ్వే. ఈస్టరు దాకా. నీళ్ళు మాత్రం నా లెక్క తాగకు. ముందుగాల అయ్యగారిని అడుగు, తప్పో ఒప్పో."

అయ్యగారు అప్పటికి బస్సులో ఉన్నారు. ఫోన్‌లో సంగతంతా చెప్పాను. వెనక కండక్టరు అరుపు వినిపించింది. "ఒకరి మొక్కుబడి ఒకరు మొయ్యచ్చని నేనైతే ఏడ చదవలే," అన్నారు. "మొయ్యొద్దని కూడ చదవలే. ఒకరి భారం ఒకరు మొయ్యమనే గదా మనకు చెప్పింది. ఆమె తింటదా?"

"తింటదంట."

"అయితే కానియ్యి తల్లీ."

నేను సంగతి చెప్పగానే డాక్టరమ్మ విచిత్రంగా చూసి, తినే తిండిలో ఉప్పు తగ్గినంత మాత్రాన నా వయసులో ఆరోగ్యంగా ఉన్న మనిషికి ప్రమాదం ఉండదనీ, తల తిరిగితే మాత్రం మొక్కూ గిక్కూ అనకుండా వచ్చి చూపించుకోమనీ అంది. తమ్ముడు కిందికి పోయి రెండు డబ్బాలు కట్టించుకుని వచ్చాడు. ఒకదాంట్లో పప్పు, అన్నం, మామిడి తొక్కు. రెండోదాంట్లో సప్పటి అన్నం, ఉడికించిన పప్పు, ఒక ఉల్లిగడ్డ. హోటలువాడు రెండుసార్లు అడిగాడట, ఉప్పు వద్దా నిజంగానే అని.

అవ్వను లేపి దిండుకు ఆనించాం. తినే ముందు ప్రార్థన ఆమే చేసింది, చాలా చిన్నది. బాపు పేరు ఎత్తలేదు. నా పేరు ఎత్తింది. తొక్కు నంజుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. దవడలు కదలకుండా కొంచెంసేపు అట్లాగే ఉంచుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మింగింది. రెండో ముద్ద కలిపింది.

నేను నా డబ్బా తెరిచాను. పప్పు తెల్లటి పిండిలాగా నాలుకకు అంటుకుంది. దానికి రుచీ లేదు, వాసనా లేదు. నమిలినకొద్దీ ఎక్కువవుతున్నట్టుంది. ఇన్నేళ్ళూ ఆమె ఇది తిని, పొద్దున లేచి, పాలపాకెట్టు తెచ్చి, కూటానికి పోయి వచ్చేదని అనుకుంటూ ఇంకో ముద్ద పెట్టుకున్నాను.

అవ్వ తినడం ఆపి నన్ను చూస్తోంది.

"ఎట్లున్నది?"

"సప్పగున్నదే."

"అట్లనే ఉంటది," అంది. "తిను."